జారని చెయ్యి

షెడ్డులో అందరూ ఆయన్ని అద్దం అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ అది కాగితాల మీద తప్ప ఎక్కడా పలికేది కాదు. ఆయన క్లియర్ వేసిన కారు ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని ఆ పేరు పడింది. సొట్టలు తీసే సుత్తి బాబాయి నిజంగానే దువ్వుకునేవాడు, ఉన్న నాలుగు వెంట్రుకలూ. బాబాయికి సుత్తి అన్న పేరు చేతిలో ఉన్న పనిముట్టు వల్ల వచ్చిందో నోట్లో ఉన్నదాని వల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేదు.

కారుకి రంగు వేశాక దాని మీద నీళ్ళలాంటి ఇంకో పూత వేస్తారు. క్లియర్ అంటే అదే. మెరుపంతా దానిదే. పల్చగా వేస్తే కమలాపండు తొక్కలా గరుకు మిగులుతుంది. మందంగా వేస్తే నిలువు తలుపుల మీద కొవ్వొత్తి మైనంలా జారి, జారిన చోటే ధారగా గట్టిపడుతుంది. రెంటికీ మధ్య వెంట్రుకవాసి దారి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ దారి తప్పని మనిషి అద్దం ఒక్కడేనని పక్క షెడ్లవాళ్ళు కూడా ఒప్పుకునేవారు. "జారని చెయ్యి" అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు గానీ, లోపల మాత్రం నిజమే కదా అనుకునేవాడు.

అలాంటి చెయ్యి ఒక సోమవారం పొద్దున జారింది.

పదింటికి, అలవాటు ప్రకారం, ఆయన పెయింటు గది తలుపు తీశాడు. శనివారం సాయంత్రం క్లియర్ వేసిన ఎర్ర కారు అక్కడే ఉంది. వెనక తలుపు పిడి కింద, చిటికెన వేలంత పొడుగున, ఒక ధార. దాని కొసన కిందికి పడబోయి ఆగిపోయిన బొట్టు. ఆయన దాన్ని గోటితో తడిమాడు. గట్టిగా ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ తడిమాడు. అది ఎక్కడికీ పోలేదు.

"బాబాయ్! ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

సుత్తి బాబాయి సుత్తి పట్టుకునే వచ్చాడు. "నేను ముట్టుకుంటే సొట్ట పడుద్ది గానీ జారదు కదరా."

"మరి ఇదేంటి?"

"జారింది."

"నా చేతిలోనా?"

బాబాయి ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. బాబాయి నోరు దానంతటది మూతపడటం అంటే చిన్న విషయం కాదు. అద్దం అది గమనించే స్థితిలో లేడు.

ఆయన పని పద్ధతి తన సొంత అన్న దగ్గర నేర్చుకున్నది. క్లియర్ ఎప్పుడూ రోజు చివరి పని. సాయంత్రం అయిదింటికి వేయాలి. చివరి పూత పూర్తికాగానే పూత చల్లే గన్ను తీసుకుని బయటికి వచ్చి తలుపు మూసేయాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగితే బట్టల దుమ్ము రేగి తడి పూత మీద వాలుతుంది. ఆ తలుపు మళ్ళీ మర్నాడే తెరవాలి. తలుపుకి చిన్న గాజు పలక ఉండేది గానీ, అన్న దాని మీద పాత పేపరు అంటించేశాడు. అన్న పోయాక కూడా ఆ పేపరు అలాగే పసుపెక్కి ఉంది. దాన్ని పీకాలని అద్దానికి ఎప్పుడూ తోచలేదు. అన్న పెట్టిన రూలు అన్నదే.

ఎర్ర కారు తలుపుని ఆయన మొదటికంటా గీకి, మళ్ళీ రంగు వేసి, మళ్ళీ క్లియర్ వేశాడు. జారిన ధారని మాత్రమే తీయడం ఆయనకి రాదు. ఎప్పుడూ అవసరం పడలేదు మరి. ఆ తలుపు రెండోసారి బాగా వచ్చింది. హమ్మయ్య అనుకుని బూడిద రంగు కారు మొదలుపెడితే, దాని మూల మీద రెండు ధారలు, పక్కపక్కనే, కవలపిల్లల్లా.

అప్పట్నించి ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ముందు పూతని పల్చన చేసే థిన్నరుని అనుమానించాడు. డబ్బా మార్చాడు. తర్వాత గన్నుని విప్పి సూది కడిగాడు, మూతి కడిగాడు, కడిగిందే మళ్ళీ కడిగాడు. గాలి మిషన్ మీద ఒత్తిడి చూపే ముల్లు వైపు పావుగంట కన్నార్పకుండా చూశాడు. ముల్లు తన చోట తానుంది. ఎండ ఎక్కువైందేమో, తక్కువైందేమో. చెయ్యి చాచి దాని మీద కాగితం పెట్టుకుని వణుకు ఉందేమో చూసుకున్నాడు. కాగితం వణికింది. ఫ్యాన్ తిరుగుతోందని తర్వాత తెలిసింది.

"కళ్ళు చూపించుకో," అంది భార్య. "నలభై దాటితే చూపు మందగిస్తుంది. నిన్న నా చెప్పులేసుకుని వెళ్ళావు."

"అది తొందరలో."

"ఒకటి నాది, ఒకటి నీది."

కళ్ళజోడు కొట్టుకి వెళ్ళాడు. కొట్టువాడు అక్షరాలన్నీ చదివించి, నీ చూపు బంగారం, కళ్ళజోడు అమ్ముదామన్నా అమ్మలేను అన్నాడు. ఆయన మరింత దిగులుతో తిరిగొచ్చాడు. చూపు పోయి ఉంటే కనీసం కారణమన్నా దొరికేది.

మూడో వారానికి నాలుగు కార్లు జారాయి. ఏదీ అర్థం కాక, ఉన్న చిరాకంతా వదిన లేకపోవడం మీద పెట్టుకున్నాడు. వదిన అంటే అన్న భార్య. యాభై దాటిన మనిషి. అన్న పోయిన దగ్గర్నించి ఇదే షెడ్డులో కార్లు తుడిచే పని, రంగుకి ముందు నీళ్ళు పోస్తూ గరుకు వాటర్ పేపరుతో రుద్దే పని. పొద్దున ఏడింటికి వచ్చి షెడ్డు తెరిచేది ఆవిడే. ఆయన గన్ను పట్టుకునే వేళకి ఇంటికి వెళ్ళిపోయేది. ఇప్పుడు కూతురి కాన్పుకని మూడు వారాలు సెలవు పెట్టింది. ఆవిడ లేక రుద్దే పని కూడా ఆయన మీదే పడింది. "ఉన్న పని చాలక ఇదొకటి," అని విసుక్కున్నాడు. అంతే. ఆవిడ లేకపోవడానికీ చెయ్యి జారడానికీ ఆయన బుర్రలో ఏ ముడీ పడలేదు.

అప్పుడు పంటి డాక్టరుగారి నల్ల కారు వచ్చింది. నలుపు దయలేని రంగు. తెలుపు మీద దాగేవన్నీ దాని మీద బయటపడతాయి. ఆయన రాత్రంతా నిద్రపోక ఒక నిర్ణయానికి వచ్చి, పొద్దున్నే షెడ్డు ఓనరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. సుత్తి బాబాయి అప్పటికే అక్కడ టీ తాగుతున్నాడు.

"సార్, ఈ నల్ల కారు కూడా జారిందంటే నేను గన్ను దించేస్తాను. ఇంకో పెయింటర్ని చూసుకోండి. చెయ్యి పోయాక ఉండటం నాకూ మర్యాద కాదు."

ఓనరు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఎందుకయ్యా అంత పెద్ద మాటలు? మీ వదిన శనివారం వచ్చేస్తోందిగా. అప్పటిదాకా ఆ నల్ల కారు కదపకు."

"వదిన వస్తే?"

"వస్తే ఇంకేముంది, ఎప్పట్లాగే."

"సార్, నేను క్లియర్ గురించి మాట్లాడుతున్నాను."

"నేనూ అదే మాట్లాడుతున్నానయ్యా."

ఓనరు బాబాయి వైపు చూశాడు. బాబాయి టీ గ్లాసులోకి చూశాడు. గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది.

"ఒరేయ్ బాబాయ్," అన్నాడు ఓనరు మెల్లిగా, "ఇతనికి తెలీదా?"

"నన్ను చెప్పొద్దని ఒట్టు వేయించుకుందండీ ఆవిడ. నా నోటికి ఒట్టు ఎంత కష్టమో మీకు తెలుసుగా. పంతొమ్మిదేళ్ళండీ!"

"ఏంటది?" అన్నాడు అద్దం. బాబాయి వైపు తిరిగాడు. "బాబాయ్, ఏం తెలీదు నాకు?"

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "నీ చెయ్యి ఇప్పుడు కొత్తగా జారట్లేదురా. మొదట్నించీ జారుతోంది. పొద్దున ఏడింటికి వచ్చి ఆవిడ తీసేసేది, నువ్వు పదింటికి వచ్చేలోపు."

ఆయన ఓనర్ని చూశాడు. నువ్వే చేయమన్నావనుకున్నానయ్యా, అన్నాడు ఓనరు, ఈ గొడవలో తనది ఏ పాపమూ లేదన్నట్టు.

ఆ రోజు ఆయన గన్ను ముట్టుకోలేదు. షెడ్డు నుంచి ఇంటికి ఇరవై నిమిషాల దారి. ఆయనకి గంటన్నర పట్టింది. ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. చలిరోజుల్లో కొన్ని కార్లకి వదిన దుప్పటి కప్పి, "ఇంకా ఆరలేదు మరిదీ, రేపు తీద్దాం" అనేది. జాగ్రత్త గల మనిషి అనుకున్నాడు. అన్న కళ్ళజోడు డబ్బా ఒకటి ఆవిడ కొంగు ముడిలో ఎప్పుడూ ఉండేది. అందులో మాత్రలు ఉంటాయనుకున్నాడు. ఆవిడ వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా నాని ఉండేవి. కార్లు తుడుస్తుంది కదా అనుకున్నాడు. అనుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

అంతా కలిపి చూస్తే ఏమవుతుందో మాత్రం తెలియలేదు. ఇంతకాలం తను మంచి పెయింటరా, కాదా? కాకపోతే ఆ మెరుపు ఎవరిది? కోపం రావాలా, సిగ్గుపడాలా, దణ్ణం పెట్టాలా? మూడూ ఒకేసారి వచ్చి తలుపులో ఇరుక్కున్నట్టుగా ఏదీ బయటికి రాలేదు.

శనివారం మధ్యాహ్నం వదిన బస్సు దిగి తన గదికి చేరేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఏంటి మరిదీ, అంతా క్షేమమేనా? ఆడపిల్ల పుట్టింది. మీ అన్న ముక్కు." సంచి దించుతూ ఆయన మొహం చూసి ఆగిపోయింది. "జారిందా?"

"నాలుగు."

ఆవిడ తాళం తీసింది. చిన్న గది. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకి అన్న ఫోటో. మంచినీళ్ళు ముంచి ఆయనకి ఇచ్చి తను నేల మీద కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదు వదినా?"

"చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

"మొదటి వారమే. మీ అన్న పోయాక నువ్వొక్కడివే వేసిన మొదటి కారు గుర్తుందా? ఆకుపచ్చది. ముందురోజు నాతో ఏమన్నావు? ఇది చెడిందంటే ఈ పనే వద్దు, ఎటైనా పోతానన్నావు. పొద్దున నేను తలుపు తీసి చూస్తే జానెడు పొడుగు జారి ఉంది. అప్పుడు నేనేం చేయాలి? నిన్ను లేపి చూపించాలా? మీ అన్నవి తీసినట్టే తీసేశా."

"అన్నవా?"

"మీ అన్న వేస్తే గోడకి సున్నం కారినట్టు ఉండేది, పాపం. ఆయనవి తీసీ తీసీ నాకు చెయ్యి తిరిగింది."

"మరి ఆ రూలు? వెనక్కి తిరిగి చూడకూడదని?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకి అంతు పట్టలేదు. "దుమ్ము లేదు, నా బొందా లేదు. జారేది చూసే ధైర్యం లేక పెట్టుకున్న రూలయ్యా అది. పేపరు కూడా అందుకే అంటించాడు."

ఆయన అన్న ఫోటో వైపు చూశాడు. అన్న ఎప్పట్లాగే గంభీరంగా ఉన్నాడు.

"అయితే నాకు పని రాదన్నమాట."

"అలా అన్నానా?"

"మరేంటి?"

"నాకు అంతలా చెప్పడం రాదు. నువ్వు పోయి నల్ల కారు వెయ్యి. సోమవారం చూస్తా," అంది వదిన, సంచిలోంచి మనవరాలి చిన్న చొక్కా ఒకటి తీసి మడత పెడుతూ.

ఆయన ఆ సాయంత్రమే వేశాడు. ఈసారి ఒక్క బొట్టు కూడా జారకూడదని గన్నుని దూరం పట్టి, చెయ్యి త్వరత్వరగా కదిపి, వేసీ వేయనట్టు వేశాడు. సోమవారం పొద్దున చూస్తే ఎక్కడా ధార లేదు. మెరుపూ లేదు. కారంతా కమలాపండు తొక్కలా ఉంది. బాబాయి దువ్వెన తీసి, కారు తలుపులో తన తల కనపడక, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

వదిన ఆ తలుపుని అరచేత్తో నిమిరింది. "ఇది నువ్వు వేసింది కాదు."

"నేనే వేశాను వదినా."

"నీ భయం వేసింది. నువ్వు ఎప్పుడూ నిండుగా వేస్తావు, వానలో తడిసిన ఆకులా. అందుకే ఆ మెరుపు. అంత నిండుగా వేస్తే ఎక్కడో ఒకచోట జారుద్ది. జారిన చోటు నేను చూసుకుంటా. జారుతుందని నీకు తెలిస్తే నువ్వు ఇలా వేస్తావని, అందుకే... చెప్పలేదు."

ఆయన ఆ మాటని ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి చూసుకున్నాడు. అంటే మెరుపు తనదే, కానీ ఆవిడ ఉన్నందువల్ల. జారకపోవడం ఆవిడదే, కానీ తను జార్చినందువల్ల. ఎటు లాగినా రెండో కొస కూడా వెంటే వచ్చింది.

"ఇప్పుడు తెలిసిపోయిందిగా. ఇంక ఎలా వేయను?"

"నాకేం తెలుసు? నిండుగా వెయ్యి. వేసి బయటికి రాకు. అక్కడే కూర్చుని చూడు. కానీ ముట్టుకోకు. నీ చెయ్యి ఆగదు, తొడల కింద పెట్టుకో."

ఇద్దరూ రెండు రోజులు ఆ కారంతా రుద్దారు. బుధవారం అయిదింటికి ఆయన గన్ను పట్టుకున్నాడు. మొదటి పూత తడబడింది. రెండో పూతకి కళ్ళు మూసుకున్నంత పనిచేసి, పాత అలవాటున చెయ్యి వదిలేశాడు. నిండుగా పడింది. గన్ను కొక్కానికి తగిలించి, స్టూలు లాక్కుని, ముక్కు మీది గుడ్డ బిగించి కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

అయిదు నిమిషాలు ఏమీ కాలేదు. నల్లటి తలుపు చెరువులా నిశ్చలంగా ఉంది. చెయ్యి నిజంగానే జారదేమో, వీళ్ళంతా కలిసి తనని ఆట పట్టిస్తున్నారేమో అని కూడా అనిపించింది. అప్పుడు పిడి కింద కాంతి కొంచెం వంగింది. ఆ వంగిన చోట బరువు చేరింది. చేరి, ఎవరో లోపలి నుంచి వేలితో గీస్తున్నట్టు, మెల్లిగా, చాలా మెల్లిగా కిందికి దిగింది. తొడల కింద చేతులు తన్నుకున్నాయి. ఆయన కూర్చునే ఉన్నాడు. అన్న బతికినన్నాళ్ళూ పారిపోయింది దీన్నించేనా? ఇంత చిన్నదాన్నించి?

మర్నాడు ఏడింటికి ఆయన షెడ్డు ముందు ఉన్నాడు. ఆ వేళకి ఆ వీధి ఎలా ఉంటుందో ఆయనెప్పుడూ చూడలేదు. వదిన ధార మీద గోరు ఆనించింది. గీత పడింది. "ఇంకా పచ్చిగా ఉంది," అని దుప్పటి కప్పింది. పదకొండింటికి ఓనరు వచ్చాడు.

"ఏమయింది?"

అద్దం దుప్పటికి అడ్డంగా నిలబడి, "జారింది సార్," అన్నాడు. ఆ మాట నోటితో అనడం ఆయనకి అదే మొదలు. "ఆరాలి. మధ్యాహ్నం తీస్తాం."

ఓనరు తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. అంతేనా, అనుకున్నాడు ఆయన. ఇంకేదో జరుగుతుందని ఎదురుచూసిన కాళ్ళు కాసేపు అలాగే బిగుసుకుని ఉన్నాయి.

రెండింటికి వదిన కళ్ళజోడు డబ్బా తెరిచింది. ఒక గడ్డం బ్లేడు, అగ్గిపెట్టె అంత చెక్కముక్క, నాలుగు రకాల వాటర్ పేపరు తునకలు. బ్లేడు రెండు చివర్లా టేపు చుట్టి ఉంది, మధ్యలో గోరంత అంచు వదిలి. ధార తప్ప పక్క చోటు గీరుకోకుండా ఉండటానికి అది. ధార చుట్టూ పల్చగా లప్పం మెత్తి, ఆరాక, బ్లేడు ఆయన చేతికిచ్చింది.

"నేనా?"

"మరి వచ్చే ఏడు నా మనవరాలి పుట్టినరోజుకి వెళ్తే ఎవరు తీస్తారు?"

ఆయన బ్లేడు ఆనించి నెట్టాడు. ఆవిడ మణికట్టు మీద ఒక్కటి వేసింది. "కూర తరుగుతున్నావా? నిలువుగా పట్టు. నీ వైపు లాక్కో. పిల్లాడి బుగ్గ మీద గడ్డం గీస్తున్నాననుకో."

"పిల్లాడికి గడ్డమెక్కడిది వదినా?"

"అందుకే నెమ్మదిగా."

పొరలు పొరలుగా, ఉల్లిపొట్టు కంటే పల్చగా, ధార లేచి వచ్చింది. తర్వాత చెక్కముక్కకి వెయ్యి నంబరు పేపరు చుట్టి, నీళ్ళు చల్లుతూ రుద్దించింది. "నీళ్ళు పాలలా వస్తే క్లియర్ పోతున్నట్టు. నల్లగా వచ్చాయంటే రంగు దాకా పోయావు, ఇంక మొదటికే. చూస్తూ ఉండు." ఆయన ఊపిరి బిగబట్టి రుద్దాడు. పాలు. పాలు. ఇంకా పాలు. "ఆగు!" అంది. ఆయన ఆగాడు. ఎందుకు ఆగమందో ఆయనకి తెలియలేదు. "వేలు పెట్టి చూడు," అంది. వేలికి ఏమీ తగల్లేదు. మెత్తటి పేపరు, దాని తర్వాత మెరుగు పెట్టే కాంపౌండ్, చివరికి పొడి గుడ్డ. మసకబారిన చోటులోంచి నలుపు మెల్లిగా తేలి పైకొచ్చింది.

సాయంత్రం ఓనరు, బాబాయి వచ్చి కారు చుట్టూ తిరిగారు.

"జారిందన్నావు. ఎక్కడ?" అన్నాడు ఓనరు.

"ఇక్కడే," అని అద్దం వేలు పెట్టాడు. కాదనిపించి రెండంగుళాలు పక్కకి జరిపాడు. వంగి చూశాడు. మళ్ళీ మొదటి చోటికే తెచ్చాడు. "ఇక్కడే ఎక్కడో సార్. ఇప్పటిదాకా ఉంది."

ఓనరు నవ్వాడు. "గన్ను దించేస్తానన్నావుగా, జారితే?"

ఆ మాట ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. కొక్కానికి వేలాడుతున్న గన్ను వైపు చూశాడు. వదిన వైపు చూశాడు. ఆవిడ డబ్బా సర్దుకుంటూ తల ఎత్తలేదు, చెవి మాత్రం ఇటే ఉంది.

"జారితే అన్నాను సార్. జారి, లేచాక ఏం చేయాలో నేను అప్పుడు అనుకోలేదు."

"సర్లే. రేపు తెల్ల వ్యాను వస్తుంది," అని ఓనరు వెళ్ళిపోయాడు.

బాబాయి దువ్వెన తీసి నల్ల తలుపులో నాలుగు వెంట్రుకలూ సర్దుకున్నాడు. "ఇంతకీ ఇప్పుడు అద్దం అని నిన్ను పిలవాలా, మీ వదిననా?"

"ముందు దువ్వుకో బాబాయ్."

వదిన వెళ్ళబోతుంటే ఆయన ఆ బ్లేడు ఒక్క నిమిషం ఇమ్మని అడిగాడు. పెయింటు గది తలుపు గాజు మీద అన్న అంటించిన పేపరుని ఒక మూల నుంచి గీరడం మొదలుపెట్టాడు, నిలువుగా పట్టి, తన వైపు లాక్కుంటూ. కంటికి సరిపడా చోటు తేలాక చెయ్యి ఆగింది. మిగతాది కూడా తీయాలో, అన్నది అన్నకి ఉంచాలో తోచలేదు. బ్లేడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"వ్యాను రేపు ఏడింటికే వస్తుంది," అంది వదిన వెనక నుంచి. "నువ్వెన్నింటికి వస్తావు?"